మంగు మొహాల గుంపు

ముందే ఒప్పుకుంటాను. మా గుంపులో అందరికంటే చిన్నదాని మొహానికి మొదటిసారి ఆ క్రీము పూసింది నేనే. బచ్చన్నపేట అవతల ఒక పత్తి చేను గట్టు మీద కూచోబెట్టి, గడ్డం పట్టుకుని, నా వేలితో పూశాను. "చల్లగున్నదక్కా" అని నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

గుంపు అంటే పత్తి ఏరే గుంపు. తొమ్మిది మంది ఆడవాళ్లం. ఎవరి చేను తెల్లబడితే వాళ్లు నాకు ఫోన్ చేస్తారు. నేను అందరినీ పోగుచేసి, ఆటో మాట్లాడి, చేనుకు చేరుస్తాను. నాకూ రెండెకరాల పత్తి ఉంది, అది అయ్యాక ఊళ్లో వాళ్లది. ఆ పిల్ల పక్క తండా నుంచి వస్తుంది. అప్పటికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఇంటర్ చదివి, పై చదువుకు జనగామ పోతానంటే ఇంట్లో కుదరక, మాతో పనికి వచ్చింది. తండావాళ్లు వాళ్లలో వాళ్లు వాళ్ల భాషే మాట్లాడుకుంటారు. ఇన్నేళ్ల సావాసంతో నాకు అది సగం అర్థమవుతుంది, మిగతా సగం మొహాలు చూసి పోల్చుకుంటాను.

నాకు మంగు రెండో కాన్పు తర్వాత మొదలైంది. ముందు కుడి చెంప మీద కందిగింజంత మచ్చ. తర్వాత ఎడమ చెంప. రెండేళ్లకు రెండూ ముక్కు మీదుగా కలిసిపోయాయి. వానాకాలంలో కాస్త వెనక్కి తగ్గేది, పత్తి ఏరే రోజులు రాగానే మళ్లీ ముదిరేది. నా మొహం గురించి నాకు లేని బాధ ఊరందరికీ ఉండేది. ఒకసారి చావింటికి పోతే, శవం పక్కన ఏడుస్తున్న మనిషి ఏడుపు ఆపి, కళ్లు తుడుచుకుని, "గీ మంగు నీకు ఎప్పుడొచ్చిందే?" అని అడిగింది. చచ్చిపోయినాయన లేచి తను కూడా ఒక వైద్యం చెబుతాడేమోనని భయమేసింది.

వైద్యాలకేం తక్కువ లేదు. మా అమ్మ జాజికాయను పాలతో సాన మీద అరగదీసి పట్టు వేసేది. చెల్లె పెరుగూ శనగపిండీ అంది. పక్కింటామె ఆలుగడ్డ ముక్కతో రుద్దమంది, ఎదురింటామె టమాట అంది. ఎవరో నిమ్మకాయ అంటే అదీ చేశాను. నిమ్మరసం పూసుకుని ఎండలోకి పోయిన రోజు చెంపలు కమిలి, మచ్చ చుట్టూ ఇంకో మచ్చ లేచింది. వంటింట్లో ఉన్నవన్నీ నా మొహం మీదికి ఎక్కాయి. తాలింపు ఒక్కటే పెట్టలేదు.

అప్పుడు దొరికింది ఆ క్రీము. ఒక మందుల షాపులో అడిగితే, చీటీ లేదు, డాక్టరు లేడు, చేతిలో పెట్టాడు. "రాత్రిపూట కొంచెం పూసుకో" అన్నాడు. గుంపులో చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. "రాత్రి తెల్లగైతే ఎవలు చూడాలె?" అంది ఒకామె. మా అలవాటు వేరు. పొద్దున్నే ఇంటి పని ముగించి, మొహం కడుక్కుని, పౌడరు రాసి, బొట్టు పెట్టుకుని ఆటో ఎక్కుతాం. చేనుకు పోయేదానికి పౌడరెందుకని మగవాళ్లు ఎగతాళి చేస్తారు. మాకు బయటికి పోవడమంటే అదే మరి. ఏ పెళ్లికి పోతున్నాం రోజూ? అందుకని పౌడరుకు ముందు క్రీము పూయడం మొదలుపెట్టాం. మధ్యాహ్నం తిండికి కూచున్నప్పుడు నా సద్ది సంచిలో ఉన్న క్రీము గొట్టం బయటికి తీసి మళ్లీ ఒక చుట్టు. గట్టు మీద వరసగా కూచుని, చట్నీ డబ్బా అందించుకున్నట్టు ఒకరికొకరు అందించుకునేవాళ్లం. దాన్ని పూసుకుని నేరుగా నడినెత్తిన ఎండలోకి పోయేవాళ్లం.

రెండు వారాల్లో మొహాలు తేటబడ్డాయి. మోసమంతా అక్కడే ఉంది. పని చేయని మందైతే పారేసి ఊరుకునేవాళ్లం.

ఆ పిల్లకు నిజానికి మంగు కూడా కాదు. కళ్ల కింద ఎండకు కమిలిన రెండు చిన్న మచ్చలు. "నువ్వెందుకు వెనకపడాలె?" అని నేనే పూశాను. ఏడాది తిరిగేసరికి దాని మొహం పాలమీగడలా అయింది. దసరా తర్వాత మహదేవపూర్ వైపు నుంచి సంబంధం వచ్చింది. గోదావరి పక్కన తండా, మూడెకరాల వరి. పిల్లాడి మేనత్త దీన్ని చూసి, "మంచి రంగు" అని రెండుసార్లు అందట. మాఘంలో లగ్గం అనుకున్నారు. గుంపంతా నన్ను మెచ్చుకుంది. నేనూ మురిసిపోయాను.

ఆ నెలలోనే నేను మహబూబాబాద్ పోయాను. మేం మానుకోట అంటాం. చెల్లె అక్కడ ఉంటుంది, వాళ్లు కొత్త ఇంట్లోకి చేరుతున్నారు. తొందరలో క్రీము ఇంట్లోనే మరిచిపోయాను. రెండో రోజుకు చెంపలు బిగిశాయి, మూడో రోజు పొద్దున లేచేసరికి మొహం ఎర్రగా వాచి, చెంపల మీద గుల్లలు లేచి, కారం పూసినట్టు మంట. చల్లనీళ్లు కొట్టుకుంటే కూడా మంటే. చెల్లె నన్ను చూసి గిన్నె కింద పెట్టేసి దవాఖానకు లాక్కుపోయింది.

అక్కడ చర్మం డాక్టరమ్మ నాకంటే చిన్నది. క్రీము పేరు అడిగితే నాకేం గుర్తుంటుంది? మా ఆయనకు ఫోన్ చేస్తే గొట్టం ఫోటో తీసి పంపాడు. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"ఎన్ని రోజుల నుంచి పూస్తున్నరు?"

"నిరుడు దసరా సంది."

"ఇందులో స్టెరాయిడ్ ఉన్నది. ఏ జబ్బుకో డాక్టరు చెప్పినన్ని రోజులే వాడాలి. పౌడరులాగ ఏడాది వాడేది కాదు."

అద్దం చేతికిచ్చి నా చెంపలు నాకే చూపించింది. చర్మం పలచబడి, లోపల ఎర్రటి నరాలు దారాల్లా కనిపిస్తున్నాయి. దవడ పొడుగునా నూగు. వయసుకు వచ్చిందనుకున్నాను నేను. ఒక్కసారే ఆపితే ఇట్లాగే మండుతుందని, తను చెప్పినట్టు తగ్గించుకుంటూ ఆపాలని, నెలల తరబడి మొహం ఎర్రబడి నల్లబడి సతాయిస్తుందని చెప్పింది. "భయపడి మళ్లీ పూసుకున్నరా, మళ్లీ మొదటికే వస్తుంది" అంది. రుద్దవద్దంది. నిమ్మకాయ మాట ఎత్తితే తల పట్టుకుంది. మంగు పూర్తిగా పోతుందని మాట ఇవ్వనని కూడా చెప్పింది. ఎండ తగలకపోతే తగ్గుతుంది, తగిలితే మళ్లీ వస్తుంది. అంతా చెప్పి చివరికి, "పది నుంచి నాలుగు దాక బయట తిరగకండి" అంది.

అంతదాకా తల వంచుకుని విన్న నేను అక్కడ తల ఎత్తాను. "డాక్టరమ్మా, పత్తి ఎప్పుడు ఏరుతరో మీకు ఎరుకేనా?" అన్నాను. పొద్దున్నే ఏరలేం. మంచుకు పత్తి తడిసి ఉంటుంది, తేమ ఉంటే మార్కెట్లో పక్కకు పెడతారు. మంచు ఆరేసరికి తొమ్మిదిన్నర, పది. సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలుతుంది. అంటే ఆమె తిరగవద్దన్న గంటలే మా పని గంటలు. "గా మాట నాకు కాదు, మా చేనుకు చెప్పుండ్రి" అన్నాను. చెల్లె నా కాలు తొక్కింది.

డాక్టరమ్మకు కోపం రాలేదు. కలం కింద పెట్టింది. "అయితే ఎండ మొహానికి తగలకుండ ఎట్ల చేద్దామో మీరే చెప్పండి, పని మీకే తెలుసు" అంది. దవాఖానలో ఒక డాక్టరు నన్ను ఎట్ల చేద్దామని అడగడం అదే మొదలు. ఇద్దరం కూచుని లెక్క తేల్చాం. ఎండను ఆపే క్రీము పొద్దున రెండు వేళ్ల పొడుగునా తీసుకుని మొహమంతా పూయాలి, మధ్యాహ్నం మళ్లీ. తువ్వాల చాలదు, వంగితే జారుతుంది. మొహం మీద నీడ పడేటట్టు అంచున్న టోపీ కావాలి. నడిమధ్యాహ్నం ఎంతసేపు నీడన కూచోగలిగితే అంతసేపు కూచోవాలి.

తిరిగొచ్చిన మర్నాడే గట్టు మీద అందరినీ కూచోబెట్టి నా మొహం చూపించాను. "నేను తెచ్చిన మందు పాడుమందు. మీ అందరికి పూసి నేను తప్పు చేసిన" అన్నాను. ఒకామె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టనీ, నేను పడాల్సిందే. ఇంకొకామె, "నీది కాలితే మావన్ని కాలాల్నా?" అని మూతి తిప్పింది. నాలుగు రోజులు పూసుకోకుండా ఉండి చూడమన్నాను. మూడో రోజుకే ఆమె చెంప పట్టుకుని నా ఇంటికొచ్చింది. ఒక్కొక్కరే డాక్టరమ్మ దగ్గరికి దారి పట్టారు.

టోపీలు మేమే కుట్టుకున్నాం. పాత నూలు చీర గుడ్డ రెండు పొరలు, అంచు నిలబడడానికి మధ్యలో యూరియా సంచి ముక్క, గడ్డం కింద కట్టుకోవడానికి నాడా. మొదటిది వానర సైన్యంలో ఎవరిదో కిరీటంలా వచ్చింది. నాలుగోదానికి చేయి కుదిరింది. ఏరే పద్ధతి కూడా మార్చాను. తూర్పు పడమరలుగా సాళ్లున్న చేలల్లో పొద్దున తూర్పు గట్టు నుంచి పడమటికి ఏరుకుంటూ పోతాం, మధ్యాహ్నం తర్వాత పడమటి గట్టు నుంచి తూర్పుకు వస్తాం. సూర్యుడికి ఎప్పుడూ వీపే చూపిస్తాం. పన్నెండు దాటాక రెండు గంటలు వేపచెట్టు కింద, తర్వాత పొద్దుగుంకేదాకా చేనులో.

దీని మీద చేలవాళ్లు లేచారు. ఒకాయన బండి ఆపి, "ఏంది, సినిమా షూటింగా?" అన్నాడు. ఇంకొకాయన, "రెండు గంటలు నీడకు కూసుంటే నా పత్తి ఎవలు ఏరాలె? నిరుడు లేని ఎండ ఇప్పుడొచ్చిందా?" అని గద్దించాడు. "నిరుడు కూడ ఉండె బాపు, నిరుడు మా మొహాల మీద వడ్డది. ఇష్టముంటే గిట్లనే ఏరుతం, లేకుంటే టోపీ నీకొకటి కుట్టిస్త, నువ్వే ఏరుకో" అన్నాను. అప్పుడే ఇంకో చేనుకు పిలుపు వచ్చింది, వెళ్లిపోయాం. రెండు రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. వానమబ్బు పట్టింది, పత్తి నేలరాలుతోంది, ఇంకో గుంపు దొరకలేదు. వేపచెట్టు కింద కూచున్న రెండు గంటలూ ఆయన ఆ పక్కకు రాలేదు.

అందరూ దారికొచ్చారు, ఆ పిల్ల ఒక్కతే రాలేదు.

"లగ్గమైనాక ఆపుత అక్కా" అంది. నా వాచిన మొహం చూస్తూనే అంది. "వాళ్లు చూసి ఒప్పుకున్న మొహం గిది. ఇప్పుడు మారితే లగ్గం ఏమైతది?"

ఆ మొహాన్ని తయారు చేసింది నేను. ఇప్పుడు దాన్ని తీసెయ్యమని ఏ నోటితో చెప్పను? సంబంధం తప్పిపోతే తండాలో నలుగురూ పిల్లనే అంటారు. ఊరుకుంటే దాని చర్మం పోతుంది. వాళ్లమ్మతో చెబితే, ఆమె కూడా కొంగు పట్టుకుని, "మాఘం దాక ఓపిక పట్టు" అని నన్నే బతిమాలింది. చేనులో దాని పక్క సాలులో ఏరుతూ ఏదో చెప్పబోవడం, మింగేయడం. పది రోజులు గడిచాయి.

పదకొండో రోజు అదే నా దగ్గరికి వచ్చింది. ఏరిన పత్తి కుప్ప మీద కుమ్మరించి, నడుము పట్టుకుని నిలబడి అంది.

"అక్కా, లగ్గమైనాక ఆపితే గప్పుడు కూడ మొహం మారుతది కదా? గప్పుడు నేను వాళ్లింట్ల ఉంట. మోసం జేసిండ్రంటరు. గిక్కడ మారితే మా ఇంట్ల ఉంట. ఇష్టమైతే చేసుకుంటరు, లేకుంటే లేదు. నేను ఇప్పుడే ఆపుత."

ఇరవై ఏళ్ల పిల్ల. నేను నలభై ఏళ్లు బతికి ఇంత సూటిగా ఒక్క ఆలోచన చేయలేదు. మర్నాడే జనగామలో రైలెక్కి ఇద్దరం మానుకోట పోయాం. డాక్టరమ్మ నాకు చెప్పినవే చెప్పింది. ఈసారి ఎండ గంటల మాట ఎత్తలేదు.

మొహం మారింది. నాకంటే ఎక్కువ మారింది. రెండు చెంపలూ ఎర్రబడి పొక్కి, కళ్ల కింద మచ్చలు మునుపటికంటే ముదిరి పైకి వచ్చాయి. పిల్లాడు వీడియో కాల్ చేస్తే ముందు రెండు రోజులు తీయలేదు, మూడో రోజు తీసింది. "దవాఖానకు పోయినవా?" అని ఒక్కటే అడిగాడట. అక్క తీసుకపోయిందని ఇది చెప్పిందట. ఫోన్ పక్కన వాళ్ల మేనత్త ఉంది. నాలుగు రోజుల్లో ఆమె, పిల్లాడి తల్లి, భూపాలపల్లి మీదుగా బస్సులు మారి తండాకు వచ్చేశారు. పిల్ల పనికి పోయిందంటే ఇంట్లో కూచోలేదు, వాళ్లమ్మను వెంటబెట్టుకుని నేరుగా చేనుకే వచ్చారు.

మేం వేపచెట్టు కింద తింటున్నాం. తొమ్మిది టోపీలు పక్కన పెట్టి ఉన్నాయి. మేనత్త వచ్చీ రాగానే పిల్ల ముందు నిలబడి, అందరికీ వినబడాలని తెలుగులోనే అంది.

"గిదేం మొహం? మేము చూసిన పిల్ల గీమె కాదు. రోగం దాచిపెట్టి ఇయ్యాలనుకున్నరు."

పిల్ల తల్లి అక్కడే కూలబడింది. తప్పు నాదని చెప్పడానికి నేను లేచాను. పిల్ల నా చీర పట్టుకుని కూచోబెట్టి తను లేచింది. చేతులు కడుక్కుంది. తలకున్న తువ్వాల కూడా తీసేసింది.

"రోగం కాదు. గీ చేన్ల ఎండకు వచ్చిన మచ్చలు. మీరొచ్చిననాడు కప్పుకున్న, గది నా తప్పే. ఇప్పుడు కప్పుకుంటలేను" అంది. "మీకు మూడెకరాల వరి ఉన్నదన్నరు. నాటేయనీకి, కలుపు తీయనీకి పనిజేసే పిల్ల గావాలన్నరు. నీడకు పండే వరి ఏడుంది? ఎండల పనిజేసే చేతులు గావాలె, ఎండ తగలని మొహం గావాలె. రెండు ఒక్క మనిషికి ఎట్లుంటయి?"

నాకు గర్వమేసింది, పెళ్లి మాత్రం పోయినట్టే అనుకున్నాను. మేనత్త వెనక్కి తిరిగి, వాళ్ల భాషలో, పోదాం పదమంటూ నడిచింది. అంతమాత్రం నాకు అర్థమైంది.

పిల్లాడి తల్లి కదలలేదు. వచ్చినప్పటి నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కొంగు కనుబొమల దాకా లాక్కుని, మొహానికి దట్టంగా పౌడరుతో ఉంది. పిల్ల దగ్గరికి నడిచింది. గడ్డం కింద వేలు పెట్టి మొహాన్ని వెలుతురులోకి తిప్పింది. వాళ్ల భాషలో అడిగింది. ఒక్కో మాటా నెమ్మదిగా అడిగింది కాబట్టి నాకు అన్నీ తెలిశాయి.

"మండుతుందా బిడ్డా?"

"మండుతుంది."

"ఆపి ఎన్ని రోజులైంది?"

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది నాకు. క్రీము మాట అక్కడ ఎవరం ఎత్తలేదు. నేను ఎత్తలేదు, పిల్ల ఎత్తలేదు, వాళ్లమ్మ ఎత్తలేదు.

ఆమె కొంగు నీళ్లలో తడిపి తన చెంప మీద పౌడరు తుడుచుకుంది. కింద ఎర్రటి దారాలు, వాటి చుట్టూ నల్లటి మంగు. నా మొహమే చూసుకున్నట్టుంది. తర్వాత మా అందరి కోసం తెలుగులోకి మారింది.

"మూడేండ్లాయె. నాలుగుసార్లు ఆపిన, మంటకు తాళలేక నాలుగుసార్లు మళ్ల పూసుకున్న. ఇంట్ల ఎవలకు చెప్పలే." నా వైపు తిరిగింది. "డాక్టరు కాడికి తీస్కపోయింది నువ్వేనా? నన్ను గూడ తీస్కపో. మాఘంల అత్తాకోడండ్లం ఇద్దరం గిదే మొహంతోని నిలవడతం."

మేనత్త చేను మధ్యలో ఆగిపోయింది. "నలుగురు ఏమంటరు వదినే?" అని అక్కడి నుంచే అరిచింది.

పిల్లాడి తల్లి పిల్ల పక్కన జరిగి కూచుంటూ, "నీకు సిగ్గయితే నువ్వు రాకు" అంది.